పొద్దుటెండ ఎరుగని తోట

ఏ తోటలో అడుగుపెట్టిన మనిషి మొక్కై మొలుస్తాడని చుట్టుపక్కల రాజ్యాల తల్లులు బిడ్డల్ని భయపెట్టి అన్నం తినిపిస్తారో, ఆ తోట వాకిట్లో మిట్టమధ్యాహ్నం వేళ ఒక ముసలమ్మ గంప దించింది. కొంగుతో మెడ తుడుచుకుంది. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరయ్యా లోపల? తోటమాలి కావాలని దండోరా వేయించి, తలుపులేసుక్కూచుంటారా?" అని కాకోలగిరి మారుమోగేలా కేక పెట్టింది.

ముసలమ్మ అనే మనం అనుకోవాలి. మాంత్రికుడూ అలాగే అనుకోవాలి. బియ్యప్పిండి పట్టించిన ఆ జుట్టు కింద, తుమ్మజిగురు పూసి మడతలు పెట్టిన ఆ చెంపల కింద ఉన్నది మకరందగిరి రాకుమారి ఇందీవర. ఆమె అన్న మణిభద్రుడు వేటకని వచ్చి ఈ కొండ మీదే మాయమయ్యాడు. ఘూకనేత్రుడనే మాంత్రికుడు అతన్ని మొక్కగా మార్చి తోటలో నాటుకున్నాడనీ, రేపు సాయంత్రం పూజకు తోటలోని పూలన్నీ కోసి దండ గుచ్చుతాడనీ, పువ్వు తెగిన మరుక్షణం ఆ మొక్కలోని మనిషి ప్రాణం పోతుందనీ పైడిలోయ యోగిని ఆమెకు చెప్పింది. ఇంకొక్క మాట కూడా చెప్పింది. ఆ మాంత్రికుడి శక్తంతా నల్లతీగ అనే ఒక మొక్క తలచిగురులో ఉంది. దాన్ని మనిషి ముట్టుకుంటే కొయ్యబారిపోతాడు. కత్తి ఆనిస్తే కత్తే విరుగుతుంది. దానికి లోకంలో ఉన్న శత్రువు ఒక్కటే, ఎండ.

తలుపు కిర్రుమంది. తాటిచెట్టంత రాక్షసి ఒకతె గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఆమె పేరు లంబోష్ఠి. ఆ కోటకంతటికీ వంటమనిషి, కాపలామనిషి ఆమే. పారిపోకుండా మాంత్రికుడు కాలికి మంత్రపు కడియం తొడిగాడు.

"ఎవత్తివే నువ్వు? నీకంటే ముందొచ్చిన మాలీలు ఏమయ్యారో తెలుసా? అదుగో, ఆ గన్నేరు ఒకడు. ఆ కాకరపాదు ఇంకొకడు."

"మరి వాళ్లకి వేళకి నీళ్లు పోస్తున్నావా, లేదా?" అంది ముసలమ్మ.

లంబోష్ఠి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి. "రా, రా. మా దొర ఇప్పుడే లేచాడు. రాత్రంతా జపాలు, తెల్లవారాక నిద్ర. పొద్దు నడినెత్తికి రానిదే దుప్పటి తియ్యడు. పుట్టి బుద్ధెరిగాక పొద్దుపొడుపు మొహం చూసిన పాపాన పోలేదు."

ఇందీవర ఆ మాటను కొంగున ముడి వేసుకుంది.

కోటకు తూర్పున పరుచుకుని ఉంది తోట. దూరం నుంచి చూస్తే దేవేంద్రుడికి కన్నుకుట్టాలి. ఎర్రనివన్నీ ఒక బారుగా, పచ్చనివన్నీ ఒక బారుగా, తెల్లనివి చంద్రవంక ఆకారంలో, నీలివి నెమలిపురిలా తీర్చి ఉన్నాయి. నడుమ నల్లరాతి కాలువలో నీళ్లు గలగలా పారుతున్నాయి, కాలువ గట్టున చలువరాతి హంసలు మెడలు వంచి నిలబడ్డాయి. కోట మేడ మీది నుంచి చూసేవాడికి అదొక రత్నకంబళి. కాని దూరపు కొండలు నునుపు! దగ్గరికి వెళ్లేసరికి ఇందీవర కడుపు తరుక్కుపోయింది. నిప్పులు చెరిగే ఎండలో తమలపాకు తీగ మాడి అప్పడమై ఉంది. రాయి కూడా వేడెక్కే చోట చేమమొక్క ఆకులు వాల్చి మూలుగుతున్నట్టుంది. ఎండ కోసం పుట్టిన బంతి ఏమో పొదల కింద చెమ్మలో పడి, ఒక్క పూవుతో సరిపెట్టుకుని, సన్నగా, పాలిపోయి, వెలుతురు కోసం మెడ సాచి ఉంది. ఇవి మొక్కలైతే సరే. ఇవన్నీ మనుషులు. వీళ్లలో మా అన్న ఎవరో అనుకుంటూ ఆమె ఒక్కొక్క మొక్కనీ చూస్తూ నడిచింది.

"తోట ఎలా ఉంది ముసలీ?"

వెనక నిలబడి ఉన్నాడు ఘూకనేత్రుడు. నల్లటి శాలువా పాదాల దాకా వేలాడుతోంది. పళ్లేల్లాంటి గుండ్రటి పసుపుకళ్లను పగటి వెలుగుకి చికిలించి, నోరంతా తెరిచి ఆవులించాడు.

"ఉన్నమాట చెబితే ఉలుకెక్కువ. చెప్పమంటావా?" అంది ఇందీవర. "రంగు చూసి నాటావు నాయనా. మొక్కని అడిగి నాటలేదు."

"మొక్కని అడగడమేమిటి?"

"ఆకు చూస్తే అదే చెబుద్ది. ఆకు పెద్దదై, పల్చగా, ముదురాకుపచ్చగా ఉందా, అది నీడలో పుట్టిన బిడ్డ. దొరికిన కాస్త వెలుతురునీ పట్టుకోడానికి చెయ్యి వెడల్పు చేసుకుంది. ఆకు చిన్నదై, మందంగా, నూగుతో, బూడిద రంగులో ఉందా, అది ఎండబిడ్డ. దాన్ని నీడలో పెడితే నీరసించి చస్తుంది, దీన్ని ఎండలో పెడితే కాలి చస్తుంది. నువ్వు రెండు పనులూ చేశావు."

లంబోష్ఠి గరిటె కింద పడేసింది. దొరను అంత మాటన్నవాళ్లు ఆమె ఎరికలో ఎవరూ మిగల్లేదు. ఘూకనేత్రుడి చెయ్యి నడుముకున్న భస్మపు సంచీ మీదికి పోయింది. ఒక్క చిటికెడు విసిరితే చాలు, ముసలమ్మ గోంగూర మొక్కైపోతుంది.

"చంపేముందు చూడరాదా?" అని ఇందీవర వాలిపోయిన చేమమొక్కను వేళ్ల చుట్టూ మట్టితో సహా పెళ్లగించి, కాలువ ఒడ్డున మామిడి నీడలో పాతి, కడవెడు నీళ్లు పోసింది. పక్కనే చతికిలబడి ఆకువక్క నమలసాగింది. మాంత్రికుడు పచార్లు చేశాడు. లంబోష్ఠి గోళ్లు కొరుక్కుంది. నీడ జానెడు జరిగేసరికి ఒక ఆకు తల ఎత్తింది. దాని వెనకే ఇంకొకటి. కాసేపట్లో చేమమొక్క ఏనుగుచెవులంత ఆకులు విప్పుకుని నిలబడింది.

ఘూకనేత్రుడు చరచరా లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చేతుల్లో ఒక మట్టితొట్టి ఉంది. జ్వరం వచ్చిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు దాన్ని. అందులో ఉన్నది నల్లతీగ. నల్లగా నిగనిగలాడాల్సిన ఆకులు వెలిసిపోయిన పసుపురంగులో ఉన్నాయి. కణుపుకీ కణుపుకీ మధ్య మూరెడు ఎడం. తలచిగురు సన్నగా వణుకుతోంది.

"ఇది నీడ మొక్క," అన్నాడు మాంత్రికుడు. మొదటిసారి అతని గొంతులో భయం వినిపించింది. "ఎండ తగలకూడదు. అందుకే గుహలో, వేలెడు వెలుతురు కూడా రాని చోట దాచాను. అయినా చిక్కిపోతోంది. మాలీలందర్నీ అడిగాను. ఇంకా లోపలికి పెట్టమన్నాడొకడు. ఎరువు వెయ్యమన్నాడొకడు."

"నీడ వేరు, చీకటి వేరు నాయనా! చీకట్లో పుట్టగొడుగులు బతుకుతాయి గాని పచ్చని ఆకు బతుకుద్దా? ఎండ పడకుండా వెలుతురు మాత్రం పడే చోటు చూడాలి. బయట నాటాలి."

"బయటా?" మాంత్రికుడి కళ్లు ఇంకా గుండ్రంగా అయ్యాయి.

"నాటకపోతే వారం తిరక్కుండా పోతుంది. నీ ఇష్టం." ముసలమ్మ గంప ఎత్తుకోబోయింది.

"ఆగు!" అన్నాడతను. "చోటు చూడు. కాని విను. రేపు నేను లేచేసరికి ఒక్క ఆకు వాడి ఉన్నా, నిన్ను పల్లేరుగా మార్చి గాడిదలకి మేపుతాను."

ఇందీవర తోటంతా కలియతిరిగింది. ఆమె కళ్లు నీడను వెతుకుతున్నాయనుకున్నాడు మాంత్రికుడు. ఆమె వెతుకుతున్నది ఎండను. వాడు చూసేటంత సేపూ నీడగా ఉండి, వాడు చూడనప్పుడు ఎండ పడే చోటు కావాలి. అలాంటిదుందా? కోట తూర్పుగోడ మొదట్లో ఒక నున్నటి బండ కనిపించింది. వెనక నుంచి కోట నీడ అప్పటికే దాని మీద వాలి చల్లగా ఉంది. వంగి చూసింది. బండ మీద తెల్లటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. ఉప్పు, జీలకర్ర, ఇంగువ.

వడియాలు! ఎవరో ఇక్కడ వడియాలు పెడుతున్నారు. తిక్కదైనా వడియాలు నీడలో పెట్టదు. మధ్యాహ్నం నుంచి ఇక్కడ నీడే కనుక, పొద్దున పూట ఇక్కడ పెళపెళలాడే ఎండ ఉండి తీరాలి. ఇందీవర గుండె ఎగిరి గంతేసింది. మొహం మాత్రం వేపకాయ తిన్నట్టు పెట్టింది.

"ఇక్కడైతే ఎలా ఉంటుందో చూడాలి," అని గొణిగి, గంపలోంచి ముగ్గుబుట్ట తీసింది.

మకరందగిరిలో ఒక ఆచారముంది. రాజు కొడుకైనా, కూతురైనా, ఎనిమిదో ఏట ఒక మడి ఇస్తారు. దాని మీద ఏదైనా నాటేముందు నీడ పట్టాలి. నీడ పట్టడమంటే పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా అక్కడే కూర్చుని, నీడ అంచు ఎక్కడికి వచ్చిందో జాముజాముకీ ముగ్గుతో గీత గీయాలి. సగం పూట గీసి లేచిపోతే పెద్దలు చెవి మెలిపెట్టేవారు. ఇందీవర చెవి చాలాసార్లు ఎర్రబడింది. ఇప్పుడామె ఆ చెవి నొప్పి మరిచిపోయి, కావాలనే సగం పూట నీడ పట్టింది.

మధ్యాహ్నం దాటాక గీత ఒకటి గీసింది. "చూడు బాబూ, ఇక్కడ నీడ." మూడో జాము వాలాక ఇంకొకటి గీసింది. "ఇప్పుడూ నీడే." పొద్దు కుంకుతుండగా మరొకటి. "చూశావా? గీత ముందుకే పోతోంది గాని వెనక్కి రాలేదు. ఇక్కడ ఎండ అన్నమాటే లేదు."

ఘూకనేత్రుడు ప్రతి గీతనూ వంగి చూశాడు, బండ మీద చెయ్యి వేసి చల్లదనం చూశాడు. మూతి మీద నవ్వు మొలిచింది. తన తోట పగలెలా ఉంటుందో తనకు తెలియదా? రోజూ చూస్తూనే ఉన్నాడు కదా, లేచినప్పటి నుంచి!

సరిగ్గా అప్పుడే లంబోష్ఠి అరుగు దిగి వచ్చింది. బండను చూసింది. తీగను చూసింది. ఆమె బుర్రలో ఏదో నెమ్మదిగా కదిలింది.

"దొరా, అదేంటి అక్కడ నాటతన్నారు? ఆడ పొద్దున్నే..."

ఇందీవర గుండె ఆగినంత పనైంది. కాని నాలుక ఆగలేదు. "పొద్దున్నే నువ్విక్కడ ఏం చేస్తుంటావే పిల్లా? పూజతోటలో?"

మాంత్రికుడు గిర్రున తిరిగాడు. "పూజతోటలో నువ్వేం చేస్తున్నావే?"

పూజతోటలో ఉప్పు రాలితే వీపు చీరేస్తానని దొర ఎన్నిసార్లు చెప్పాడో లంబోష్ఠికి గుర్తే. "పొద్దున్నే... నేనసలు ఇటు రాను దొరా. వంటింట్లోనే ఉంటాను. ఒట్టు!" అని గరిటె ఎత్తుకుని పరుగు లంకించుకుంది.

మాంత్రికుడు బండకీ గోడకీ మధ్య మట్టిలో తన చేతులతోనే గొయ్యి తీసి, తన చేతులతోనే తీగను నాటాడు. ముసలమ్మ చెప్పినట్టు గోడకు దారాలు కట్టి తలచిగురును మనిషి ఎత్తు దాటించి పైకి పాకించాడు. "చిగురు ఎంత పైకుంటే అంత గాలి, అంత వెలుతురు," అందామె. కాదన్నవాడు లేడు.

తెల్లవారింది. కాని ఎండ రాలేదు!

కొండంతా పొగమంచు. తూర్పున పాలు విరిగినట్టు తెలుపు తప్ప ఇంకేమీ లేదు. బండ పక్కన కూర్చున్న ఇందీవర చేతులు జోడించింది. రాక రాక వచ్చిన ఉదయం ఇలా వచ్చిందేమిటి? ఈ రోజు సాయంత్రమే పూజ. మంచు మధ్యాహ్నం దాకా వీడకపోతే అన్న ప్రాణం, ఈ తోటలో ఉన్న అందరి ప్రాణాలూ ఆవిరే. "సూర్యనారాయణా! మా ఇంటి మడిలో ప్రతి మొక్కకీ ముందు నిన్నే అడిగాను. ఇవాళ మొహం చాటెయ్యకు తండ్రీ!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

బారెడు పొద్దెక్కాక మంచు చిరిగింది. ఒక్క సన్నటి కిరణం వచ్చి గోడను తాకింది. తర్వాత తలుపు తీసినట్టు ఎండ బండ మీదికి దూకింది. నల్లతీగ నిలువెల్లా వణికింది. మొదటి ఆకు ముడుచుకుంది, రెండోది తోలులా చుట్టుకుపోయింది. అడుగు నుంచి పైకి ఒక్కొక్క ఆకే కమిలిపోతోంది. ఇంక తలచిగురు ఒక్కటే మిగిలింది.

"ఓరి నాయనో! కొంప మునిగింది!"

లంబోష్ఠి నెత్తి మీద వడియాల చాటతో వచ్చి నిలబడిపోయింది. చాట నేల మీద పడింది. ఇందీవర అడ్డం వెళ్లేలోగానే రాక్షసి ఒక్కో అంగకి నాలుగేసి మెట్లు దాటుతూ మేడ ఎక్కేసింది. పైనుంచి కేకలు, ఏదో బద్దలైన చప్పుడు, తర్వాత గాండ్రింపు.

ఘూకనేత్రుడు నిద్రకళ్లతో, శాలువాతో గోడ మీంచే దూకాడు. ఎండ మొహాన కొట్టేసరికి అరిచాడు. జన్మలో ఎరుగని ఎండ అది. పసుపుకళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. అయినా తడుముకుంటూ వచ్చి, తీగకీ పొద్దుకీ మధ్య నిలబడి, రెండు చేతులతో శాలువాను తెరలా పైకెత్తాడు. నీడ తీగను నిలువునా కప్పింది. కమిలిన ఆకుల పైన తలచిగురు ఇంకా పచ్చగానే ఉంది.

"ఎండ ఎక్కడి నుంచి వచ్చిందే ముసలీ?" అని అరిచాడు. "లంబోష్ఠీ! పట్టుకో దీన్ని!"

రాక్షసి చెయ్యి ఇందీవర మెడ మీద పడింది. ఒక్క నొక్కు చాలు. మాంత్రికుడు చెయ్యి దించి చిటికెడు భస్మం విసిరినా చాలు. కాని చెయ్యి దించితే శాలువా జారుతుంది, శాలువా జారితే ఎండ పడుతుంది. అతను చెయ్యి దించలేడు. ఇందీవరకు ఆ క్షణంలో వాడి అవస్థ అద్దంలా కనిపించింది. భయం పోయింది. ఉన్న తెలివంతా నాలుక చివరికి వచ్చింది.

"అయ్యో బాబూ! కదలొద్దు!" అని గుండెలు బాదుకుంది. "నీ పుణ్యముంటుంది, అడుగు కూడా కదపొద్దు! ఇది దొంగెండ. ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంది. నువ్వు రాయిలా నిలబడితే చాలు, దాని దారిన అదే పోతుంది. కాస్త ముందుకి జరుగు, నీ ఒంటి వేడి చిగురుకి తగులుతోంది. ఆఁ, ఇంకో రెండడుగులు. చాలు, చాలు! అక్కడే ఉండు."

పొద్దున్నే ఎండ ఎలా ఉంటుందో, ఎంత సేపుంటుందో, ఎటు నుంచి ఎటు పోతుందో వాడికేం తెలుసు? ఆమె చెప్పినట్టే గోడకి ఎడంగా జరిగి, చేతులు ఎత్తి, కొయ్యబొమ్మలా నిలబడ్డాడు.

"అసలు తప్పెక్కడ జరిగిందంటే," అని ఇందీవర మొదలుపెట్టింది. మెడ మీద చెయ్యి అలాగే ఉంది. "నిన్న గొయ్యి తియ్యగానే పసుపూ కుంకుమా వెయ్యమని చెప్పడం మరిచాను. మా అత్తగారు ఉండేది, మహా గయ్యాళి. ఆవిడ కాకరపాదు పెడితే..." ఇక లేని అత్తగారి గురించి, ఆ అత్తగారి కాకరపాదు గురించి, పాదు దాటొచ్చిన పొరుగింటి మేక గురించి, మేక కోసం జరిగిన పంచాయితీ గురించి చెప్పుకుంటూ పోయింది. ఘూకనేత్రుడు కళ్లు నులుముకోను కూడా చెయ్యి లేక, నీళ్లు కారుతున్న కళ్లతో పళ్లు నూరుతూ విన్నాడు.

పొద్దు మాత్రం పంచాయితీ వినడానికి ఆగలేదు. అది పైకెక్కుతోంది. అది పైకెక్కినకొద్దీ శాలువా నీడ గోడ మీది నుంచి కిందికి దిగుతోంది, గోడకి ఎడం పెరిగింది కనుక ఇంకా త్వరగా దిగుతోంది. వేలెడు, ఇంకో వేలెడు. మాంత్రికుడి వీపు వెనక, దారం కొసన, తలచిగురుకి అర వేలెడు పైన ఎండ మెరుస్తోంది.

లంబోష్ఠి అది చూసింది. ఆమె పెదవి వేలాడిపోయింది. "దొరా! ఎనకమాల..."

"నోర్ముయ్యి!" ఎండ బాధంతా ఆమె మీదే కక్కాడు మాంత్రికుడు. "నా కాళ్ల కింద పడున్న వడియాలు నీవే కదూ? దొంగెండ వస్తుందని తెలిసీ చెప్పలేదు. ఇంకొక్క మాట మాట్లాడావా, నాలుక కోసి కాకులకేస్తా!"

లంబోష్ఠి దొర మాట జవదాటే మనిషి కాదు. నోరు మూసుకుంది. అంతే కాదు, ఇందీవర మెడ మీది చెయ్యి కూడా కాస్త సడలింది. ఇన్నేళ్లు చాకిరీ చేసినదానికి దక్కిన మాట అదన్నమాట!

"...చివరికి మేకని ఎవరికిచ్చారంటే," అంది ఇందీవర, నీడ అంచు మీదే చూపు నిలిపి. "ఎవరికిచ్చారంటే బాబూ..."

"ఎవరికిచ్చారో చెప్పి చావు!" అని అరిచాడు ఘూకనేత్రుడు.

ఎండ తలచిగురును తాకింది.

సుయ్యిమంది. వేడి పెనం మీద నీటిచుక్క పడినట్టు పొగ లేచింది. మాంత్రికుడు గిర్రున వెనక్కి తిరిగాడు, కాని ఏం లాభం? చిగురు నల్లబడి, తల వాల్చి, గోడ మీదే బూడిదైపోయింది. అతని చేతుల్లోంచి శాలువా జారింది. ఏదో మంత్రం చదవబోయాడు. నోటి నుంచి "హూఁ, హూఁ" తప్ప మాట రాలేదు. భుజాలు కుంచించుకుపోయాయి, ముక్కు వంకర తిరిగింది, ఒళ్లంతా ఈకలు మొలిచాయి. చూస్తుండగానే ఒక గుడ్లగూబ శాలువా మడతల్లోంచి ఎగిరి, ఎండకి కళ్లు కనపడక, చలువరాతి హంసకి గుద్దుకుని, పడి లేచి, కోట పైకప్పు దాటి పోయింది.

లంబోష్ఠి కాలి కడియం ఠంగుమని రెండుగా విరిగింది. ఆమె విరిగిన ముక్కల్ని చూసి, కాలిని చూసి, ఇందీవరను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి గాలిలో తిప్పింది. "అవ్వా! నా కాలు నాదైంది అవ్వా!"

ఇక తోటలో ఏం జరిగిందో చెప్పాలంటే నాలుగు నోళ్లు చాలవు. గన్నేరు చెట్టు ఆవులించి మాలీ అయింది. చేమమొక్క పెద్ద చెవులు తడుముకుంటూ మంత్రిగారై లేచింది. కాకరపాదు చిక్కు విప్పుకోలేక కాసేపు బూతులు తిట్టింది. ఎర్ర బారు ఒక పటాలమంతా, తెల్ల చంద్రవంక ఒక పెళ్లివారి గుంపు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. ఇందీవర జుట్టు పిండి దులిపి, చెంపల జిగురు పీకేసి, నిటారుగా నిలబడి గొంతెత్తి పిలిచింది. "అన్నయ్యా!"

పొదల కింద చెమ్మలోంచి ఒక మనిషి లేచాడు. పాలిపోయి, మునక్కాడలా సాగి, మెడ ఒక పక్కకి వంచి ఉన్నాడు. నిన్న ఆమె చూసి జాలిపడిన బంతిమొక్క అది.

"ఏమ్మా! చేమమొక్కకి చోటు మార్చావు, నీళ్లు పోశావు. నా పక్కనుంచి రెండుసార్లు వెళ్లావు. ఒక్కసారైనా 'ఈ బంతిని కాస్త ఎండలో పెడదాం' అనిపించలేదూ?"

ఇందీవర పరుగెత్తి అన్న మెడ పట్టుకుని బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. మణిభద్రుడు చెల్లెలి తల నిమురుతూ, ఎండలో మొహం ఆరేసుకుని, "అబ్బ! ఎండ ఇంత తియ్యగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే," అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు జేజేలు కొట్టారు. పటాలం పటాలమంతా మోకరిల్లింది. మంత్రిగారు శ్లోకం అందుకోబోయారు.

"ఉండండి!" అంది ఇందీవర.

ఆమె చూపు చచ్చిన తీగ మీద ఉంది. శక్తి పోయింది కనుక ఇప్పుడు ముట్టుకోవచ్చు. మొదలు పట్టి ఒక్క గుంజు గుంజింది. వేళ్లతో సహా ఊడొచ్చింది. తల్లివేరు లేదు. కింది కొస ఏటవాలుగా, కత్తితో కోసినట్టు ఉంది.

"అన్నయ్యా, ఇది విత్తు మొలిచినది కాదు. ఎక్కడి నుంచో కోసుకొచ్చి గుచ్చిన కొమ్మ. దీని తల్లితీగ ఇంకెక్కడో బతికే ఉంది."

మణిభద్రుడి మొహంలో నవ్వు మాయమైంది. "మొక్కకి నోరుండదు గాని చెవులుంటాయి ఇందూ. వాడు రోజూ సాయంత్రం గొణిగేవాడు. పడమటి లోయ అడుగున పాతాళబిలంలో వాడి గురువు ఉన్నాడట. తల్లితీగ అక్కడే. వాడు బిలం చేరి ఇంకొక్క రెమ్మ తుంచుకున్నాడా, మనమందరం మళ్లీ మొక్కలమే."

గుంపులో ఒక్కసారిగా హాహాకారాలు లేచాయి. "గుడ్లగూబని ఆకాశంలో ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు మంత్రి.

"పట్టపగలు ఆకాశంలో పోజాలదది," అంది ఇందీవర. ఆమె కళ్లు వెలిగాయి. "ఎండలో దానికి కళ్లు కనపడవు. నీడ ఉన్న చోటు నుంచి నీడ ఉన్న చోటుకే పోవాలి. ఏ నీడ ఏ వేళకి ఎక్కడుంటుందో దానికి తెలియదు. నాకు తెలుసు. లంబోష్ఠీ!"

"చెప్పవ్వా... అమ్మా... ఏమని పిలవాలి నిన్ను?"

"పిలుపులు తర్వాత. పరుగెత్తగలవా?"

లంబోష్ఠి కాలు విదిలించుకుంది. కడియం లేని కాలు! ఒక భుజం మీద ఇందీవరను, ఇంకో భుజం మీద మణిభద్రుణ్ణి ఎక్కించుకుని, వెనక పటాలం పొలికేకలు పెడుతుండగా కోట గోడను ఒక్క దూకున దాటింది. గాలి ఈలలు వేసింది. పడమటి లోయ కళ్ల ముందు తెరుచుకుంది. కొండనీడ దాన్ని అంచు దాకా నింపి ఉంది. పొద్దు వెనక నుంచి ఎక్కుతోంది, లోయలో నీడ గజం గజం చొప్పున వెనక్కి తగ్గుతోంది.

"కుడివైపు తాళ్లతోపు కేసి పోనియ్యి! ఇంకాసేపటికి నీడ మిగిలేది అక్కడొక్కటే!" అని అరిచింది ఇందీవర.

తాళ్లతోపు అంచున, కరిగిపోతున్న నీడలో, ఎటు ఎగరాలో తెలియక తల గిర్రున తిప్పుతున్న గుడ్లగూబ వాళ్లను చూసింది. బిలం ఇంకా దూరాన ఉంది, దాని చుట్టూ నీడ రెండు గజాలే మిగిలింది.